దీపం వెలిగితే చాలునా? – ఎలక్ట్రీషియన్ ప్రయోగ పరీక్ష గురించి కొన్ని మాటలు

ప్రతి సంవత్సరం అప్రెంటిస్ ఎంపిక ప్రకటన మన శిక్షణ కేంద్రం గేటు వద్ద అంటించిన మరునాటి నుండి సాయంత్రం వేళల్లో మా క్వార్టరుకు రాకపోకలు ఎక్కువవుతాయి. వచ్చేవారు చాలావరకు మన సహోద్యోగులే. వెంట ఐటిఐ పూర్తిచేసిన కుమారుడో, కుమార్తెయో, అన్నగారి అబ్బాయో ఉంటారు. కుశల ప్రశ్నలు, కాఫీ అయిన పిదప వారు అడిగే మాట ఒక్కటే: "ప్రాక్టికల్‌కు ఏ పుస్తకం చదివించమంటారు?" రాత పరీక్షకు గైడ్లు దొరుకుతాయి, పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి. చేతికి పెట్టే పరీక్షకు అటువంటి గైడు మాకు ఇంతవరకు కనబడలేదు. చాలా సంవత్సరాలుగా ఎలక్ట్రీషియన్ ట్రేడు అభ్యర్థులను పరీక్షించే సంఘాలలో కూర్చున్నవారము గనుక, ఆ గదిలో ఏమి జరుగుతుందో, పరీక్షకుని కన్ను దేనిమీద నిలుస్తుందో పాఠకులకు వివరించదలచాము.

ముందుగా రెండు మాటలు చరిత్ర. మన దేశంలో ఐటిఐలకు పునాది 1950లో ప్రారంభమైన వృత్తి శిక్షణ పథకం. 1956లో జాతీయ వృత్తి శిక్షణ మండలి ఏర్పడినది. 2018లో ఆ మండలి బాధ్యతలను స్వీకరించుటకు కొత్త జాతీయ మండలి ఒకటి ఏర్పాటైనది. కర్మాగారాలు తమ ఆవరణలో యువకులను పనిలో తర్ఫీదు చేయవలెనని నిర్దేశించిన అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఐటిఐ చదువు రెండేళ్ళు, ఆపైన కర్మాగారంలో అప్రెంటిస్ శిక్షణ. ఐటిఐ చివర ఒక ప్రయోగ పరీక్ష, అప్రెంటిస్ శిక్షణ చివర మరొకటి. కొన్ని సంస్థలు ఎంపిక సమయంలోనే చిన్న నైపుణ్య పరీక్షను జరుపుతాయి. పరీక్షలు వేరైనా వాటి స్వభావం ఒకటే.

ఇక్కడ తల్లిదండ్రులు గమనించవలసిన అంశం ఒకటున్నది. ఐటిఐ పాఠ్యప్రణాళిక ప్రకారం సిద్ధాంత పత్రంలో 33 శాతం మార్కులు వస్తే ఉత్తీర్ణులైనట్లే. ప్రయోగ పరీక్షలో మాత్రం 60 శాతం రావలెను. అనగా ఓమ్ సూత్రాన్ని మూడింట రెండు వంతులు మరచినవానిని చదువు క్షమిస్తుంది కాని, చేతిపనిని సగం మాత్రమే నేర్చినవానిని క్షమించదు. ఈ నియమాన్ని చేసినవారు ఎవరోగాని విద్యుత్తుతో పనిచేసినవారే అయివుంటారని మా నమ్మకం.

పరీక్ష గదిలో అడుగుపెట్టిన అభ్యర్థికి ఒక బెంచి, ఒక చెక్క బోర్డు, పనిముట్ల పెట్టె, సామాను, ప్రశ్నపత్రం ఇస్తారు. చాలామంది ప్రశ్న చదివిన మరుక్షణమే వైరు చుట్టను విప్పుతారు. మేము ఆ సమయంలో గది చివర నిలబడి, ఎవరు ముందుగా పెన్సిలు పట్టుకున్నారో చూస్తాము. కాగితం మీద సర్క్యూటు గీసి, ఏ వైరు ఎంత పొడవు పడుతుందో లెక్క వేసుకుని, అప్పుడు కత్తిరించేవానికి చివరకు చారెడు తుక్కు మిగులుతుంది. తొందరపడినవాని బెంచి కింద అరచుట్ట వైరు ముక్కలై పడివుంటుంది. వృథాను తగ్గించుట కూడ మూల్యాంకనంలో ఒక భాగమని పాఠ్యప్రణాళికలోనే స్పష్టంగా వ్రాసివున్నది. ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

తరువాతది వైరు తొడుగు ఒలవడం. చూచుటకు ఇంతకన్న సులువైన పని లేదు. కత్తిని వైరుకు అడ్డంగా పెట్టి చుట్టూ తిప్పితే పివిసి తొడుగు ఊడివస్తుంది, దానితోపాటు లోపలి రాగి మీద సన్నని గాటు కూడ పడుతుంది. ఒంటి తీగ అయితే ఆ గాటు వద్ద రెండుసార్లు వంచగానే విరుగుతుంది. పలు పోగుల తీగ అయితే ఒకటి రెండు పోగులు తెగిపోతాయి, మిగిలినవాటి మీద భారం పడుతుంది, అక్కడ వేడి పుడుతుంది. పెన్సిలు చెక్కినట్లు కత్తిని ఏటవాలుగా పట్టి ఒలిచే అభ్యర్థిని చూడగానే, వీనికి మంచి గురువు దొరికాడని మాకు అర్థమవుతుంది. ఇప్పుడు స్ట్రిప్పర్లు వచ్చాయి. వాటిలోనూ వైరు సైజుకు తగిన గాడిని ఎంచుకోకపోతే ఫలితం అదే.

జాయింట్ల గురించి కుర్రవాళ్ళు తరచు విసుక్కుంటారు. మ్యారీడ్ జాయింటు, బ్రిటానియా జాయింటు, టి జాయింటు — "ఇవన్నీ ఇప్పుడు ఎవరు వేస్తున్నారు సార్? లగ్గు పెట్టి క్రింపింగ్ చేస్తే సరిపోదా?" అని అడుగుతారు. వారి మాటలో నిజం లేకపోలేదు. మన కర్మాగారంలో మ్యారీడ్ జాయింటు వేసిన సందర్భం ఈ మధ్యకాలంలో మాకు గుర్తులేదు. అయినను ఆ జాయింటును పరీక్షలో ఉంచుట మాకు సమ్మతమే. పోగులను విడదీసి, శుభ్రపరచి, ఒకదానిలో ఒకటి దూర్చి, ఎదురెదురు దిశలలో బిగువుగా చుట్టి, ప్లయరుతో నొక్కి, చివరకు లాగి చూచే ఆ పది నిమిషాలలో అభ్యర్థి వేళ్ళు అతనిని గురించి చెప్పవలసినదంతా చెప్పివేస్తాయి. వదులు జాయింటులో నిరోధం పెరుగుతుంది; అక్కడ పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఈ వాక్యాన్ని రాత పరీక్షలో అందరూ వ్రాస్తారు. జాయింటును లాగి చూచేవారు మాత్రం కొందరే.

స్క్రూ టెర్మినల్ సంగతి కూడ ఇటువంటిదే. తీగ కొసను గుండ్రంగా వంచి స్క్రూ కింద పెట్టేటప్పుడు ఆ వంపు గడియారపు ముల్లు తిరిగే దిశలోనే ఉండవలెను. అప్పుడు స్క్రూ బిగించిన కొద్దీ వంపు మూసుకుంటుంది. ఎదురు దిశలో పెడితే బిగించిన కొద్దీ తెరుచుకుంటుంది. ఇంత చిన్న విషయాన్ని కూడ చూస్తారా అని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ముందుగా చూచేది దానినే.

ఇక మెట్ల దీపం వైరింగు. కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి, రెండింటితోనూ దీపం వెలగాలి, ఆరాలి. రెండు టూ-వే స్విచ్చులు, వాటిని కలిపే రెండు తీగలు. మొదటి స్విచ్చి మధ్య టెర్మినల్‌కు ఫేజు, రెండవ స్విచ్చి మధ్య టెర్మినల్ నుండి దీపానికి, దీపం రెండవ కొస న్యూట్రల్‌కు. ఐటిఐ చదివిన ప్రతివారికి కంఠోపాఠం. కొన్ని సంవత్సరాల క్రిందట ఈ ప్రశ్న మీదనే మా సంఘంలో ఒక వివాదం నడిచినది.

ఒక అబ్బాయి బోర్డును బహు చక్కగా తయారుచేశాడు. క్లిప్పులు సమానదూరంలో ఉన్నాయి, వంపులు కొలత పెట్టి వంచినట్లున్నాయి. రెండు స్విచ్చులతోనూ దీపం వెలిగింది, ఆరింది. కాని ఫేజు నేరుగా హోల్డరుకు వెళ్ళినది, స్విచ్చులు న్యూట్రల్‌లో పడినవి. మాతో కూర్చున్న సహ పరీక్షకులు, "పనితనం బాగున్నది, సర్క్యూటు పనిచేస్తున్నది, ఒక తీగ తారుమారైనది, కొన్ని మార్కులు తగ్గించి ఉత్తీర్ణుణ్ణి చేద్దాము" అన్నారు. ఆయన మెత్తని మనసు గలవారు. కుర్రవాని తండ్రి మన స్టోర్సు విభాగంలో ఉన్నారన్న సంగతి మా ఇద్దరికీ తెలుసు. మేము అంగీకరించలేదు. అరగంట వాదన జరిగిన పిమ్మట, ఆ అంశానికి సున్న వేసి, మళ్ళీ పరీక్షకు హాజరు కమ్మని నిర్ణయించాము.

ఆ సాయంత్రమే తండ్రిగారు వచ్చారు. కోపంగా రాలేదు, బాధతో వచ్చారు. "దీపం వెలిగింది కదా సార్, మావాడు చేసిన నేరమేమిటి?" అని అడిగారు. మాటలతో చెప్పి లాభం లేదని, మరునాడు భోజన విరామంలో శిక్షణ కేంద్రానికి రమ్మన్నాము. ఆ బోర్డు ఇంకా అక్కడే ఉన్నది. సప్లై ఇచ్చి స్విచ్చి ఆపాము, దీపం ఆరింది. బల్బు తీసివేసి, టెస్ట్ ల్యాంపు ఒక కొసను హోల్డరు లోపలి పిన్నుకు, రెండవ కొసను ఎర్తుకు తాకించాము. టెస్ట్ ల్యాంపు భగ్గున వెలిగింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "మా ఇంట్లో బల్బు మార్చేది మా ఆవిడ సార్. స్విచ్చి ఆపి, స్టూలు ఎక్కి మారుస్తుంది" అన్నారు.

స్విచ్చి ఆపితే చాలునన్న నమ్మకం మీదనే ప్రతి ఇంటి ఇల్లాలు బల్బు మీద చేయి వేస్తుంది. ఆ నమ్మకం నిలవాలంటే స్విచ్చి ఫేజులోనే ఉండవలెను. న్యూట్రల్‌లో విడిగా స్విచ్చిగాని ఫ్యూజుగాని పెట్టరాదని 1956 నాటి విద్యుత్ నియమాలలో ఉన్నది. ఆ నియమాల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో ఒకసారి, 2023లో మరొకసారి కొత్త నిబంధనలు తెచ్చినను, ఇందులోని న్యాయం మారేది కాదు. ఆ అబ్బాయి తరువాతి విడతలో ఉత్తీర్ణుడైనాడు. మా నిర్ణయం సరైనదేనని నేటికీ భావిస్తున్నాము, సహ పరీక్షకులు మాత్రం అది కఠినమనే అంటారు.

మోటారు ప్రశ్నకు వద్దాము. అప్రెంటిస్ చివరి పరీక్షలో సాధారణంగా ఇచ్చేది స్టార్-డెల్టా స్టార్టరు. మూడు కాంటాక్టర్లు, ఒక టైమరు, ఓవర్‌లోడ్ రిలే, పుష్ బటన్లు. మోటారు మొదట స్టార్‌లో బయలుదేరుతుంది. అప్పుడు లైను నుండి తీసుకునే కరెంటు నేరుగా డెల్టాలో బయలుదేరినప్పటి దానిలో మూడవ వంతే, టార్కు కూడ మూడవ వంతే. వేగం అందుకున్న తరువాత టైమరు దానిని డెల్టాకు మారుస్తుంది. స్టార్, డెల్టా కాంటాక్టర్లు రెండూ ఒకేసారి మూసుకుంటే మూడు ఫేజులు ఒకదానికొకటి షార్టు అవుతాయి. అందుకే ఒకటి లోనికి వెళితే రెండవది వెళ్ళకుండా ఒకదాని కాంటాక్టును మరొకదాని కాయిల్ దారిలో పెడతారు. ఈ ఇంటర్‌లాకును మరచిన సర్క్యూటు కూడ టైమరు సక్రమంగా ఉన్నంతకాలం పనిచేస్తుంది. అదే అసలు ప్రమాదం.

తెలిసిన అభ్యర్థి ముందుగా పవర్ సర్క్యూటు ఫ్యూజులు తీసివేసి, కంట్రోల్ సర్క్యూటును మాత్రమే నడిపి, కాంటాక్టర్లు వరుసక్రమంలో "టక్, టక్" మనడం చెవితో విని, అప్పుడు మోటారు కలుపుతాడు. తెలియనివాడు అన్నీ కలిపి, కళ్ళు మూసుకుని ఆకుపచ్చ బటను నొక్కుతాడు. నిజంగానే కళ్ళు మూసుకున్నవారిని చూశాము. ఈ ప్రశ్నలో ఒక చిత్రమైన పొరపాటు తరచు ఎదురవుతుంది. మోటారు స్టార్‌లో హాయిగా తిరుగుతుంది. డెల్టాకు మారగానే మెల్లమెల్లగా ఆగిపోతుంది. ఫ్యూజు పోదు, పొగ రాదు, శబ్దం లేదు. కుర్రవాడు టైమరును అనుమానిస్తాడు, కాంటాక్టరును అనుమానిస్తాడు. అసలు కారణం టెర్మినల్ పెట్టెలో ఉంటుంది. డెల్టాలో ఒక వైండింగు చివరి కొస పక్క వైండింగు మొదటి కొసతో కలవాలి. అతడు ప్రతి వైండింగు రెండు కొసలనూ ఒకే ఫేజుకు కలిపివుంటాడు. రెండు కొసలూ ఒకే ఫేజు మీద ఉంటే వాటి మధ్య ఓల్టేజి లేదు. ఓల్టేజి లేనిచోట కరెంటు లేదు. ఈ సంగతిని ఎవరి సాయమూ లేకుండ కనిపెట్టి సరిదిద్దుకున్నవానికి మేము సంతోషంగా ఎక్కువ మార్కులే వేస్తాము. మొదటిసారే సరిగా కలిపినవానికన్న అతనికి ఎక్కువ తెలిసివుండవచ్చును కూడ.

లోపం వెతకమని ఇచ్చే ప్రశ్నలో మేము చూచేది మరొకటి. కావాలని ఒక దోషం పెట్టిన బోర్డు ఇస్తాము. అభ్యర్థి మొదట సప్లై ఆపాలి. ఆపిన తరువాత నిజంగా ఆగినదో లేదో టెస్టరుతో చూడాలి. ఆ టెస్టరు పనిచేస్తున్నదా? దానిని ముందుగా కరెంటున్న చోట పెట్టి వెలుగుతున్నదని చూచుకోవాలి, తరువాత పని చేయవలసిన చోట చూడాలి, మళ్ళీ కరెంటున్న చోట చూడాలి. ఈ మూడు మెట్లూ ఎక్కినవాడు అరుదు. నియాన్ టెస్టరు ఎండలో వెలుగుతున్నా కంటికి ఆనదు. వెలగని టెస్టరును చూసి కరెంటు లేదనుకొనుట ఎంత సాహసమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకొకటి: తీసిన ఫ్యూజు క్యారియరును ఎక్కడ పెట్టాడు? బెంచి మీద పెట్టినవారికి మార్కులు తగ్గుతాయి. జేబులో వేసుకున్నవారికి తగ్గవు. అభ్యర్థులకు ఇది వింతగా తోచవచ్చును. మేము ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, మరొక ఊరిలోని ఒక మిల్లులో, ఒక వైర్‌మన్ ఫ్యూజు క్యారియరు తీసి బోర్డు పైననే పెట్టి, షెడ్డు చివర నిచ్చెన ఎక్కాడు. షెడ్డులో దీపాలు లేవని, ఎవరో మంచిబుద్ధితోనే ఆ క్యారియరును తిరిగి పెట్టారు. నిచ్చెన మీదివాడు కిందపడ్డాడు, మళ్ళీ లేవలేదు. అతనికి అప్పటికి ముప్పై ఏళ్ళు దాటలేదు. పాతకాలపు వైర్‌మన్లు క్యారియరును జేబులో వేసుకునే అలవాటు ఇటువంటి చావుల నుండి పుట్టినదే. నేడు మన కర్మాగారంలో తాళాలు, ట్యాగులు, పర్మిట్లు ఉన్నాయి. తాళంచెవి జేబులో ఉండవలెనన్న నియమం మాత్రం ఆ పాత అలవాటే.

మెగ్గరు, ఎర్తు పరీక్షల గురించి క్లుప్తంగా చెబుతాము. ఇంటి వైరింగుకు 500 ఓల్టుల మెగ్గరు వాడతారు. సప్లై పూర్తిగా ఆపి చూడాలి. ఇన్సులేషన్ విలువ ఒక మెగోమ్‌కు తగ్గరాదు. విలువ చదివి వ్రాసినంత మాత్రాన చాలదు. తడి గోడ, పాత వైరు, బల్బు తీయకుండ చూడడం — తక్కువ రావడానికి కారణం ఏమై ఉండవచ్చునో మేము అడుగుతాము. ఎర్తు విషయంలో మూడు పిన్నుల ప్లగ్గు చేతికిచ్చి, ఎర్తు పిన్ను పొడవుగా ఎందుకున్నదని అడుగుతాము. అది ముందుగా తగలాలి, చివరగా విడిపోవాలి. ఈ జవాబు తెలిసిన అభ్యర్థి ఇంటికి వెళ్ళి, ఇస్త్రీ పెట్టెకు, కూలరుకు రెండు పిన్నుల ప్లగ్గు ఉంటే మార్చివేస్తాడు. వేసవిలో కూలరు మీద తడి చేయి పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు మనం ఏటేటా చదువుతూనే ఉన్నాము.

ఆడపిల్లలు ఈ ట్రేడులోకి వస్తున్నారు. మా పరీక్షకు తొలిసారి ఒక అమ్మాయి వచ్చిననాడు గదిలో కొందరు నవ్వారు. జాయింటు లాగి చూచేసరికి నవ్వు ఆగింది. మరొక ఏడాది వచ్చిన అమ్మాయి సంగతి మాత్రం మా మనసులో ముల్లులా ఉండిపోయినది. ఆమె స్టార్టరు సర్క్యూటు దాదాపు పూర్తిచేసి, సప్లై ఇవ్వబోయే ముందు మోటారు ఎర్తు తీగను చేత్తో కదిపి చూసింది. అది బెంచి వద్దనే ఊడివున్నది. మేము పెట్టిన దోషం కాదు, ముందు విడతలో ఎవరో వదిలివేసినది. "సార్, ఎర్తు లేదు, నేను ఆన్ చేయను" అన్నది. దానిని సరిచేసేందుకు మనిషిని పిలిపించేసరికి ఆమె సమయంలో చాలా భాగం గడిచిపోయినది. అదనపు సమయం ఇవ్వాలని మేము వ్రాసిన మాట నిబంధనలలో లేదని తిరిగివచ్చినది. ఉన్న మార్కులతో ఆమె ఉత్తీర్ణురాలైనది కాని, మొదటి వరుసలో రాలేదు. ఆ వరుసను బట్టి జరిగిన ఎంపికలో ఆమె పేరు లేదు. భద్రతకు కేటాయించిన మార్కులు ఏ కొద్దిపాటివో ఆనాడు మరొకసారి లెక్కపెట్టి చూచుకున్నాము. ఆ పట్టికను మార్చవలెనని వ్రాసి పంపాము, మళ్ళీ వ్రాస్తాము.

తల్లిదండ్రులు అడిగే రెండవ ప్రశ్న: "అప్రెంటిస్ అయితే ఉద్యోగం వచ్చినట్లేనా?" దీనికి తేనె పూసిన జవాబు చెప్పుట న్యాయం కాదు. శిక్షణ పొందినవారికి ఉద్యోగం ఇచ్చి తీరవలెనని చట్టం మొదటినుండీ చెప్పలేదు. 2014 సవరణ తరువాత, అప్రెంటిస్‌ల నియామకంపై ప్రతి సంస్థ తన విధానాన్ని తానే రూపొందించుకోవలెను. అయితే 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు సంబంధించిన కేసులో, ఇతర విషయాలు సమానంగా ఉన్నప్పుడు శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వవలెనని సుప్రీంకోర్టు చెప్పినది. అందుచేత సర్టిఫికెట్టును హామీపత్రంగా భావించవద్దు. ఆ ఏడాది శిక్షణలో నేర్చిన పనిని మాత్రం ఎవరూ తీసివేయలేరు. మన వద్ద స్థానం దొరకక బయటికి వెళ్ళిన కుర్రవాళ్ళలో కొందరు మోటారు రివైండింగు దుకాణాలు పెట్టి బాగానే ఉన్నారు.

కనుక ఏ పుస్తకం చదివించాలన్న ప్రశ్నకు మా జవాబు: ఐటిఐ పుస్తకమే చాలు, దానితోపాటు పాత వైరు ముక్కలు రెండు కిలోలు, ఒక మంచి ప్లయరు, కత్తి, రెండు స్క్రూ డ్రైవర్లు కొనిపెట్టండి. ఒక చెక్క పలక మీద మెట్ల దీపం సర్క్యూటును సప్లై లేకుండ పదిసార్లు కట్టి విప్పమనండి. బ్యాటరీ, చిన్న బల్బుతో సరిచూచుకోవచ్చును. ఇంటి మెయిన్ బోర్డు మీద ప్రయోగాలు చేయనివ్వవద్దు. పిల్లవానికి ఎంత తెలిసినదని మీకు తోచినను సరే.

పరీక్ష రోజున నూలు బట్టలు, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకుని రావాలి. ఉంగరం, కడియం, లోహపు పట్టీ గల గడియారం ఇంటి వద్దనే వదిలి రావాలి. వివాహిత అభ్యర్థులు మెట్టెల గురించి అడిగారు, బూటు లోపల ఉండేవాటితో మాకు పేచీ లేదు. పనిముట్లు మేమే ఇస్తాము. చేతికి అలవాటైన సొంత టెస్టరు తెచ్చుకోదలచినవారు తెచ్చుకోవచ్చును. అయితే పని మొదలుపెట్టే ముందు, దానిని గది తలుపు పక్కనున్న సాకెట్టులో పెట్టి, వెలుగుతున్నదని మాకు చూపించవలసి ఉంటుంది.